కడిగిన తర్వాత చూడాలి: బంగారు నానోరాడ్ల ప్రాజెక్టు డైరీ

నవంబరు 12

ఇవాళ్టి నుంచి రాసి పెట్టుకుంటాను. ల్యాబ్ నోట్‌బుక్‌లో కొలతలుంటాయి గానీ ఏ పని ఎందుకు అలా చేశానో ఉండదు, మూడు నెలలాగి చూస్తే నాకే అర్థం కాదు. ఇదే దారిలో వచ్చేవాళ్లకు నా తప్పులు పనికొస్తే ఇంకా సంతోషం.

పని ఇది. బంగారాన్ని నలభై నానోమీటర్ల పొడవు, పది నానోమీటర్ల లావు ఉండే కడ్డీలుగా పెంచాలి. వాటికి ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ అంటించాలి. కొన్ని క్యాన్సర్ కణాల పైపొర మీద, ముఖ్యంగా అండాశయ క్యాన్సర్లలో, ఫోలిక్ యాసిడ్‌ని పట్టుకునే రిసెప్టర్లు మామూలు కణాల మీదకంటే చాలా ఎక్కువగా ఉంటాయి కాబట్టి కడ్డీలు వాటికే ఎక్కువగా అతుక్కోవాలి. తర్వాత 808 నానోమీటర్ల లేజర్ వేస్తే కడ్డీలు ఆ కాంతిని తాగి వేడెక్కుతాయి, కడ్డీలు పట్టుకున్న కణం చచ్చిపోతుంది, పక్క కణం మిగులుతుంది. చెప్పడానికి ఇంతే.

808 ఎందుకంటే, చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి మూస్తే వేళ్లు ఎర్రగా వెలుగుతాయి కదా, అంటే మిగతా రంగుల్ని రక్తం మింగేస్తోంది, ఎరుపు మాత్రం కాస్త దూరం పోతోంది. ఎరుపు దాటి ఇంకొంచెం ముందుకెళ్తే, సుమారు 650 నుంచి 900 నానోమీటర్ల దాకా, హిమోగ్లోబిన్ తక్కువగా పీలుస్తుంది, నీళ్లు కూడా ఇంకా పెద్దగా పీల్చవు. ఒంట్లోకి కాంతి పోవడానికి ఉన్న కిటికీ అదే. గుండ్రటి బంగారు రేణువులు మాత్రం 520 దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతిని పీలుస్తాయి, అందుకే వాటి ద్రావణం కెంపులా ఎర్రగా ఉంటుంది. 1857లో మైకేల్ ఫారడే లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేసినది ఇలాంటి ఎర్రటి ద్రావణమే. రేణువుని కడ్డీలా సాగదీస్తే పొడవు వెంట కాంతిని బాగా పీల్చే ఇంకో చోటు, అంటే గ్రాఫులో ఇంకో శిఖరం వస్తుంది, పొడవు లావుకి నాలుగు రెట్లుంటే ఆ శిఖరం సుమారు 800 దగ్గరికి చేరుతుంది. కడ్డీలే ఎందుకు అన్నదానికి జవాబు అది.

ఈ టాపిక్ నేనే అడిగి తీసుకున్నాను. పిన్నికి రెండేళ్ల కిందట అండాశయ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషను, ఆరు సైకిల్స్ కీమో అయ్యాయి. ప్రస్తుతం తెనాలిలో ఇంట్లోనే ఉంది, మూడు నెలలకోసారి చెకప్‌కి వస్తుంది.

డిసెంబరు 4

సీటాబ్ గడ్డకట్టింది. పూర్తి పేరు సెటిల్ ట్రైమిథైల్ అమోనియం బ్రోమైడ్, ఒక రకం సబ్బు లాంటిది, కడ్డీలు పెరిగేటప్పుడు చుట్టూ పొరలా ఉండి పక్కలకి లావు కాకుండా పొడవుగా సాగనిస్తుంది. 0.2 మోలార్ ద్రావణం నిన్న సాయంత్రం చక్కగా కలిపి పెట్టి వెళ్లాను, పొద్దున వచ్చి చూస్తే సీసా నిండా తెల్లటి స్ఫటికాలు, చలికాలంలో పేరిన కొబ్బరినూనెలా. హైదరాబాద్ డిసెంబరు చలి, దానికి తోడు రాత్రంతా ఏసీ. 25 డిగ్రీల కిందికి వెళ్తే సీటాబ్ నీళ్లలో నిలవదు. ఇకనుంచి వాటర్ బాత్ 28 దగ్గర పెట్టి అందులోనే అన్నీ చేయాలి.

గాజుసామాను అంతా ఆక్వా రీజియాతో కడిగాను, మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్, ఒక పాలు నైట్రిక్. పాత బంగారం ఒక్క చుక్క గోడకు అంటుకుని ఉన్నా అదే విత్తనమై పోతుంది. బంగారాన్ని కూడా కరిగించే ద్రవం ఇది. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి, మూత బిగించకూడదు.

డిసెంబరు 23

మూడు వారాలు పోయాయి. వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ గొయ్యిలో చాలామంది పడతారు.

పద్ధతి 2003లో నికూబఖ్త్, ఎల్-సయ్యద్ ఇచ్చిన సీడ్ పద్ధతి. మొదట సీడ్, అంటే కడ్డీలు మొలిచే చిన్నచిన్న బంగారు విత్తనాలు చేయాలి: సీటాబ్‌లో కొంచెం గోల్డ్ క్లోరైడ్ కలిపి, మంచులో చల్లబెట్టిన సోడియం బోరోహైడ్రైడ్ ఒక్కసారిగా వేసి గట్టిగా కలిపితే తేనెరంగుకి వస్తుంది. తర్వాత గ్రోత్ సొల్యూషన్: సీటాబ్, సిల్వర్ నైట్రేట్, గోల్డ్ క్లోరైడ్. అది నారింజ పసుపులో ఉంటుంది. అందులో ఆస్కార్బిక్ యాసిడ్, అంటే మన విటమిన్ సి, వేయగానే రంగంతా పోయి నీళ్లలా తేటగా అవుతుంది. ఆ తేటలో 12 మైక్రోలీటర్ల సీడ్ వేసి కదపకుండా వదిలేస్తే పది ఇరవై నిమిషాల్లో రంగు మొదలవుతుంది. పది మిల్లీలీటర్ల బ్యాచ్‌లో ఉండే బంగారం ఒక్క మిల్లీగ్రాము. అమ్మ ఫోన్లో "రోజూ బంగారంతో పని అంటున్నావు, జాగ్రత్త" అంటుంటే ఈ లెక్క చెప్పాను, ముక్కుపుడకలో అరిగిపోయేంత కూడా లేదు కదే అంది.

రావాల్సిన రంగు పల్చటి బ్లాక్ టీ లాంటిది. నాకు వచ్చింది గులాబీ. ప్రతిసారీ గులాబీయే. స్పెక్ట్రమ్ తీస్తే 530 దగ్గర ఒక్క శిఖరం, 800 దగ్గర ఏమీ లేదు. అంటే కడ్డీలు కావు, గుండ్లు. సిల్వర్ మార్చాను, సీడ్ వయసు మార్చాను, బోరోహైడ్రైడ్ కొత్త డబ్బా తెరిచాను, నీళ్లు మార్చాను. పద్నాలుగు బ్యాచ్‌లు, పద్నాలుగూ గులాబీ. రాత్రి నిద్రపట్టేది కాదు, టెన్షన్. నా చేతిలోనే ఏదో లోపం ఉందని నమ్మేశాను.

చివరికి మా గైడ్ మేడమ్ ఒకే ప్రశ్న అడిగారు. "సీటాబ్ డబ్బా ఎప్పుడు మారింది?" నవంబరు చివర్లో. పాత డబ్బా అయిపోతే స్టోర్స్ నుంచి వేరే లాట్ తెచ్చాను, లేబుల్ మీద స్వచ్ఛత 99 శాతం అనే ఉంది. కొన్ని లాట్ల సీటాబ్‌లో అతి తక్కువ పాళ్లలో అయొడైడ్ కలిసి ఉంటుందని, అది బంగారం ముఖాలకు అతుక్కుని కడ్డీ సాగకుండా అడ్డుపడుతుందని 2008 ప్రాంతంలోనే స్మిత్, కోర్గెల్ చూపించారు. పక్క ల్యాబ్ నుంచి వేరే లాట్ పది గ్రాములు అప్పు తెచ్చి, అవే సీసాలు, అవే నీళ్లు, అదే చెయ్యి: ఇరవై నిమిషాల్లో టీ రంగు. శిఖరం 796. ఆ గ్రాఫ్ ప్రింటు తీసి బెంచి ముందు గోడకు అంటించాను.

నేర్చుకున్నది: డబ్బా మారిన ప్రతిసారీ లాట్ నంబరు రాయాలి. ఏది పనిచేయకపోయినా ముందు అడగాల్సింది ఏం మారిందని.

జనవరి 6

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు స్లాట్ దొరికింది. సగటు పొడవు 42, లావు 10.6 నానోమీటర్లు. పళ్లెంలో ఒలికిన బియ్యపు గింజల్లా పక్కపక్కన పడి ఉన్నాయి, అక్కడక్కడా కొన్ని గుండ్లు, కొన్ని ఘనాలు. నూటికి తొంభై కడ్డీలే.

జనవరి 14 (పండక్కి ఇంటికి వెళ్లలేదు)

వేడి పరీక్ష. ఒక మిల్లీలీటరు కడ్డీల నీళ్లు క్వార్ట్జ్ సెల్‌లో, లేజర్ 1 వాట్, పది నిమిషాలు, ప్రతి పది సెకన్లకు ఉష్ణోగ్రత. ముందు లేజర్ గురించి: 808 కంటికి దాదాపు కనపడదు. కనపడదు కాబట్టి కన్ను రెప్ప వేయదు, రెటీనా కాలిన తర్వాతే తెలుస్తుంది. ఆ తరంగానికి సరిపడే కళ్లజోడు పెట్టుకున్నాకే స్విచ్చి, గదిలో ఉన్న అందరికీ. ఉంగరం, వాచీ, గాజులు తీసేయాలి. స్టీలు స్పాచులా మీద పడి తిరిగిన కాంతి అర మీటరు దూరంలో ఉన్న నల్ల కాగితాన్ని పొగరేపింది, నా కళ్లముందే.

కడ్డీల నీళ్లు 28 నుంచి 57 డిగ్రీలకు వెళ్లాయి. సంతోషంతో ఎగిరినంత పని చేశాను. తర్వాత వట్టి నీళ్లు పెట్టాను. 28 నుంచి 37.

వట్టి నీళ్లు తొమ్మిది డిగ్రీలా? ఒక సెంటీమీటరు నీళ్లు 808 కాంతిలో సుమారు రెండు శాతమే పీలుస్తాయి. లెక్క ప్రకారం డిగ్రీ, డిగ్రీన్నర దాటకూడదు. గంటసేపు ఆలోచించి సెల్‌ని పక్కనుంచి, కనపడని కాంతిని చూపించే ఐఆర్ కార్డుతో చూస్తే, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగ మొన సరిగ్గా లేజర్ దారిలో ఉంది. కాంతి నేరుగా లోహం మీద పడి, ఆ లోహమే వేడెక్కి, దాన్నే నీళ్ల వేడి అని చెబుతోంది. మొనని కిందికి, బీమ్‌కి పక్కగా జరిపి మళ్లీ పెడితే వట్టి నీళ్లు 28 నుంచి 29.4. కడ్డీల నీళ్లు 28 నుంచి 54. మొదటి 57లో మూడు డిగ్రీలు అబద్ధమన్నమాట. ఆ పేజీని కొట్టేయలేదు, పక్కన ఎర్ర పెన్నుతో కారణం రాశాను.

లేజర్ ఆపాక చల్లారే తీరు కూడా నమోదు చేశాను. ఎంత వేగంగా చల్లారుతోందో తెలిస్తే ఎంత వేడి బయటికి పోతోందో తెలుస్తుంది, దాన్నిబట్టి పీల్చిన కాంతిలో ఎంత భాగం వేడిగా మారిందో లెక్కకట్టొచ్చు. ఇది 2007లో రోపర్ బృందం వాడిన పద్ధతి. నాకు 60 శాతం దాటింది, చాలు. కాంతి తాగిన బంగారం ఆ శక్తిని వేడిగా చుట్టూ ఉన్న నీళ్లకు ఇచ్చేయడానికి సెకనులో కోటానుకోట్ల వంతు చాలు, ఆ పనిలో ఇంతకంటే చురుకైన పదార్థం నాకు తెలియదు.

జనవరి 27

పూత మార్చడం. సీటాబ్ కణాలకు విషం. లేజర్ అక్కర్లేకుండానే చంపుతుంది, అందుకే దాన్ని తీసేసి పెగ్, అంటే కణాలకు హాని చేయని పాలిథిలీన్ గ్లైకాల్ పొర వేయాలి. పెగ్ ఒక చివర థయోల్ ఉంటే, అందులోని గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. రెండు రకాలు చేస్తున్నాను: ఒకటి పెగ్ చివర ఫోలిక్ యాసిడ్ ఉన్నది, రెండోది వట్టి పెగ్. రెండోది లేకపోతే మొదటిదాని గురించి ఏమీ చెప్పలేం.

సెంట్రిఫ్యూజ్ ఎక్కువసార్లు తిప్పితే సీటాబ్ బాగా పోతుంది, కానీ పెగ్ పట్టేలోగా సీటాబ్ మరీ తగ్గిపోతే కడ్డీలు ఒకదానికొకటి అతుక్కుని బూడిద నీలం మడ్డిలా అడుగున కూర్చుంటాయి, మళ్లీ కలవవు. రెండు బ్యాచ్‌లు అలా పోయాయి. ఒకసారి తిప్పి, పెగ్ వేసి, రాత్రంతా కలిపి, ఆ తర్వాత రెండుసార్లు తిప్పడం నాకు కుదిరిన క్రమం. పైన తేలిన నీళ్లను కూడా కణాల మీద వేసి చూశాను, కణాలు బతికే ఉన్నాయి, అంటే వదులుగా ఉన్న సీటాబ్ ఇక లేనట్టే.

ఫిబ్రవరి 5

కణాలతో మొదటి ప్రయోగం. రెండు రకాల కణాలు. హీలా, అంటే 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి, ఆమెను అడగకుండా తీసుకున్న కణాలు, ఇవాళ్టికీ ప్రపంచమంతా పెరుగుతున్నాయి, వీటి మీద ఫోలిక్ యాసిడ్‌ని పట్టుకునే ఫోలేట్ రిసెప్టర్ బాగా ఉంటుంది. ఇంకోటి ఏ549, ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచి వచ్చినవి, వీటి మీద ఆ రిసెప్టర్ చాలా తక్కువ. ఫోలిక్ యాసిడ్ కడ్డీలు వేసి, రెండు గంటలు ఆగి, లేజర్ ఐదు నిమిషాలు. బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపించే రంగులు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే హీలా మొత్తం ఎరుపు! జూనియర్ పరిగెత్తుకొచ్చి "అక్కా, పనిచేసింది!" అంది. నేను ఏ549 ప్లేటు పెట్టాను.

అదీ మొత్తం ఎరుపే.

మేడమ్ చూసి "కడిగావా?" అన్నారు. కడగలేదు. కణాలకు అంటుకోని కడ్డీలు మీడియాలోనే, అంటే కణాలను పెంచే పోషక ద్రవంలోనే తేలుతున్నాయి, లేజర్ వేయగానే బావి (ప్లేటులో కణాలుండే చిన్న గుంట) మొత్తం వేడినీళ్లయింది, అందులో ఎవరైనా చస్తారు. అది వేడినీళ్లు పోసి చంపడంతో సమానం, గురిపెట్టి కొట్టడం కాదు.

ఫిబ్రవరి 9

కడిగాను, మూడుసార్లు. ఈసారి అన్నీ పచ్చగానే ఉన్నాయి. హీలా పచ్చ, ఏ549 పచ్చ. ఒక్క కణం చావలేదు.

పేపర్లు మళ్లీ తీశాను. 2006లో జార్జియా టెక్‌లో ముస్తఫా ఎల్-సయ్యద్ బృందం, సర్జన్ అయిన ఆయన కొడుకు ఇవాన్‌తో కలిసి, నోటి క్యాన్సర్ కణాల మీద ఇదే పని చేసింది. కడ్డీలను క్యాన్సర్ కణానికి చేర్చడానికి వాళ్లు అంటించిన చిరునామా ఫోలిక్ యాసిడ్ కాదు, ఆ కణాల మీద ఎక్కువగా ఉండే ఈజీఎఫ్ఆర్ అనే ఇంకో రిసెప్టర్‌ని పట్టుకునే యాంటీబాడీ. వాళ్ల లేజర్ చుక్క ఒక మిల్లీమీటరు, శక్తి 80 మిల్లీవాట్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 10 వాట్లు. దానికి క్యాన్సర్ కణాలు చచ్చాయి, మామూలు కణాలు చావడానికి దానికి రెట్టింపు కావాల్సి వచ్చింది. నేను బావి మొత్తం మీద పరచి వేసింది చదరపు సెంటీమీటరుకు 2 వాట్లే. ఒక్క పొర కణాల మీద ఉన్న కొద్దిపాటి బంగారానికి అది చాలదు, పుట్టిన వేడి పుట్టినట్టే చుట్టూ నీళ్లలోకి పోతుంది.

లెన్స్ పెట్టి చుక్కను ఒక మిల్లీమీటరుకు కుదించి చదరపు సెంటీమీటరుకు 10 వాట్లకు తెచ్చాను. హీలాలో కొన్ని చచ్చాయి. వట్టి పెగ్ కడ్డీలు వేసినవాటిలోనూ దాదాపు అన్నే చచ్చాయి. అంటే నా ఫోలిక్ యాసిడ్ ఏ పనీ చేయడం లేదు.

ఫిబ్రవరి 13

దొరికింది! రాత్రి పదకొండుకి, మీడియా సీసా వెనక లేబుల్ చదువుతుంటే.

నేను కణాలను పెంచేది ఆర్‌పీఎంఐ 1640లో. అందులో ఉన్నవాటి జాబితాలో ఫోలిక్ యాసిడ్: లీటరుకు 1 మిల్లీగ్రాము. మన రక్తంలో ఉండేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. నా కణాలు నెలల తరబడి ఫోలిక్ యాసిడ్‌లో మునిగి ఉన్నాయి. రిసెప్టర్లన్నీ ముందే నిండిపోయాయి, పైగా అంత తిండి దొరికినప్పుడు కణం అన్ని రిసెప్టర్లు పెట్టుకోవాల్సిన అవసరమూ ఉండదు. విందులో కడుపునిండా తిని కూర్చున్నవాడి ముందుకు నేను ఇంకో విస్తరి తీసుకెళ్తున్నాను.

కోపం కంటే సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ఇంకో విషయం గుర్తొచ్చి కాసేపు అలాగే కూర్చున్నాను. ఈ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌కి వెళ్లి, తర్వాత న్యూయార్క్ దగ్గర లెడర్లీ ల్యాబ్స్‌లో పరిశోధన నడిపాడు. 1940ల మధ్యలో ఆ బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసి, ఆ తర్వాత దాన్ని పోలి ఉండి కణాన్ని మోసంచేసే అమినాప్టెరిన్ చేసింది. దాన్నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గడం చూసి 1948లో ప్రచురించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు. దాని తమ్ముడులాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. ఆ మందులు కణంలోకి వెళ్లే ముఖ్యమైన ద్వారం వేరు, నేను తట్టే రిసెప్టర్ వేరు, కానీ రెండింటికీ మూలం ఒకటే ఆకలి. విభజన చెందుతున్న కణానికి ఫోలేట్ కావాలి. స్కూల్లో ఆయన పేరు ఒక పేరాగ్రాఫ్‌లో చదివి వదిలేశాను, ఇవాళ ఆయన పదార్థం నా ప్రయోగాన్ని ఆపింది.

ఫోలేట్ లేని ఆర్‌పీఎంఐకి ఆర్డరు పెట్టాను. రావడానికి రెండు వారాలు, కణాలు అలవాటు పడటానికి ఇంకో రెండు వారాలు.

ఫిబ్రవరి 24

ఎదురుచూసే సమయంలో లోతు పరీక్ష. చికెన్ సెంటర్‌లో బోన్‌లెస్ బ్రెస్ట్ తీసుకుని, ఫ్రీజర్‌లో కొంచెం గట్టిపరచి, సమంగా ముక్కలు కోశాను. ఐదు మిల్లీమీటర్ల ముక్క వెనక పవర్ మీటర్ పెడితే వేసిన దాంట్లో సుమారు పావు వంతు వచ్చింది. పది మిల్లీమీటర్లకు పదో వంతు కూడా రాలేదు. కిటికీ కిటికీ అంటాం గానీ ఇది చాలా చిన్న కిటికీ.

ఇంకో సంఖ్య కూడా రాసి పెట్టుకోవాలి. 808 లేజర్‌కి చర్మం మీద భద్రమని చెప్పే హద్దు చదరపు సెంటీమీటరుకు 0.33 వాట్లు. నేను వాడుతున్నది 10. ముప్పై రెట్లు. ప్లేటులోని కణాలకు చర్మం లేదు కాబట్టి ఇక్కడ నడుస్తోంది, మనిషి మీద ఇదే అంకె వాడితే ముందు చర్మమే కాలుతుంది.

అందుకే మనుషులదాకా వెళ్లిన ప్రయత్నం వేరే దారి పట్టింది. రైస్ యూనివర్సిటీలో నయోమి హాలస్, జెన్నిఫర్ వెస్ట్ 2003లో చూపించిన బంగారు పెంకులు, అంటే మధ్యలో సిలికా గుండు, పైన పల్చటి బంగారు పొర, మొత్తం 150 నానోమీటర్లు. వాటిని ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మగవాళ్లకు సెలైన్‌లా నరంలోకి ఎక్కించి, మర్నాడు లేజర్ ఫైబర్‌ని నేరుగా గడ్డలోకే దించారు. చర్మం అడ్డే లేదు. 2019లో వచ్చిన రిపోర్టులో 16 మంది, 15 మందికి చికిత్స అనుకున్నట్టు జరిగింది. ఆ పెంకుల మీద ఏ చిరునామా లేదు! గడ్డల్లో రక్తనాళాలు సరిగా అల్లుకోక కారుతుంటాయి కాబట్టి అక్కడ పోగుపడతాయన్న నమ్మకం మీదే వెళ్లాయి. గురి అంతా ఫైబర్ ఎక్కడ దించారన్న దాంట్లోనే ఉంది. నేనేమో చిరునామా అంటించడానికి నెలలు పోస్తున్నాను. ఈ మాట మేడమ్‌తో అంటే "ఒక్కచోటే ఉన్న గడ్డకు ఫైబర్ చాలు. పొట్టంతా చల్లుకున్న చిన్నచిన్న గడ్డలకు ఎన్ని ఫైబర్లు దించుతావు?" అన్నారు. అండాశయ క్యాన్సర్ వ్యాపించేది సరిగ్గా అలాగే. దాంతో మళ్లీ పనిలో కూర్చున్నాను.

మార్చి 30

ఫోలేట్ లేని మీడియాలో కణాలు రెండు వారాలు పెరిగాయి. ఈసారి ప్లేటు మీద పేర్లు లేవు, జూనియర్ తన దగ్గర కోడ్ పెట్టుకుంది, ఏ బావిలో ఏముందో నాకు తెలియదు. కావాలనే అలా అడిగాను. నాలుగు నెలలుగా ఎరుపు కోసం ఎదురుచూస్తున్న కళ్లు ఎరుపే చూస్తాయి.

మూడుసార్లు కడిగాం. చుక్క ఒక మిల్లీమీటరు, 10 వాట్లు, నాలుగు నిమిషాలు.

ముందు చూసిన మూడు బావులు పచ్చ. నాలుగోదాంట్లో, పచ్చటి మైదానం మధ్యలో గుండ్రంగా ఎర్రటి మచ్చ, లేజర్ చుక్క ఎంతో అంతే, అంచు గీత గీసినట్టు. గీత బయట కణాలన్నీ బతికున్నాయి. ఐదు, ఆరు పచ్చ. ఏడులో మళ్లీ అదే మచ్చ. ఎనిమిదిలో చెదురుమదురుగా కొన్ని ఎర్ర చుక్కలు. అన్నీ రాసిచ్చాక కోడ్ విప్పింది. ఎర్ర మచ్చలున్నవి రెండూ హీలా, ఫోలిక్ యాసిడ్ కడ్డీలు. చెదురుమదురుగా ఉన్నది హీలా, వట్టి పెగ్ కడ్డీలు. పచ్చగా ఉన్నవాటిలో రెండు ఏ549, ఫోలిక్ యాసిడ్ కడ్డీలు వేసినవే. ఇంకోటి హీలానే, అవే కడ్డీలు, కానీ ముందుగా విడి ఫోలిక్ యాసిడ్ పోసి రిసెప్టర్లు నింపేసినది. అన్నింటికంటే నేను ఎక్కువ సంతోషించింది ఆ బావికే. చావలేదు కాబట్టే, మిగతావి ఎందుకు చచ్చాయో తెలిసింది. మిగిలిన రెండూ కడ్డీలు లేకుండా లేజర్ మాత్రమే వేసినవి.

20 వాట్లకు పెంచితే ఏ549 కూడా చావడం మొదలైంది, ఎందుకంటే చిరునామా లేకుండా ఊరికే అంటుకున్న కడ్డీలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి నా చేతిలో ఉన్నది రెండు అంకెల మధ్య ఉన్న సందు మాత్రమే. ఇంకా రెండుసార్లు రిపీట్ చేయాలి.

కణాలను కరిగించి బంగారం కొలవడానికి ఐసీపీ-ఎంఎస్‌కి పంపాను. హీలాలో ఫోలిక్ యాసిడ్ కడ్డీల బంగారం వట్టి పెగ్ కడ్డీలకు మూడు రెట్లు. పది రెట్లు వస్తుందనుకున్నాను, రాలేదు.

ఏప్రిల్ 12

పిన్ని చెకప్‌కి వచ్చి రెండు రోజులు నా దగ్గర ఉంది. ల్యాప్‌టాప్‌లో ఆ ఎర్ర మచ్చ ఫోటో చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇది నాలాంటివాళ్లకు ఎప్పుడొస్తుందే?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, ఐదు నెలలుగా తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పాను. ప్లేటులో కణాలు ఒకే పొర, నేను కడ్డీలను నేరుగా వాటి మీదే పోశాను. ఒంట్లో నరంలోకి ఎక్కిస్తే ముందు రక్తంలోని ప్రొటీన్లు వాటిని కప్పేస్తాయి, నేను అంటించిన చిరునామా ఆ పొర కింద దాగిపోవచ్చు, తర్వాత కాలేయం, ప్లీహం చాలావరకు పట్టేసుకుంటాయి, అక్కడ చేరిన బంగారం చాలాకాలం కదలదు. 2016లో విల్‌హెల్మ్, వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్లలో వచ్చిన నానోరేణువుల ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే, ఎక్కించిన మోతాదులో గడ్డదాకా చేరినది మధ్యస్థంగా 0.7 శాతం. వందలో ఒకటి కూడా కాదు.

"మరి ఆ చిరునామా?" అంది.

చిరునామా నిజమైనదే అని చెప్పాను. అదే ఫోలేట్ రిసెప్టర్‌ని పట్టుకుని ఆపరేషన్లో గడ్డల్ని వెలిగించే పాఫోలాసయనిన్ అనే రంగుకి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది, అండాశయ క్యాన్సర్‌కే. అదే రిసెప్టర్‌కి యాంటీబాడీతో మందు మోసుకెళ్లే మిర్వెటుక్సిమాబ్‌కి 2022లో వచ్చింది. ఆ ద్వారం ఉంది, తట్టొచ్చు, తెరుచుకుంటుంది. నా కడ్డీలు ఆ ద్వారందాకా నడిచి వెళ్లగలవా అన్నదే ఇంకా తెలియదు, నేను ఇంకా ఎలుకదాకా కూడా వెళ్లలేదు. పిన్ని పేర్లు రెండూ చీటీ మీద రాయించుకుని పర్సులో పెట్టుకుంది, డాక్టరుగారిని అడుగుతానంది. అడగమన్నాను, తన గడ్డకు ఆ రిసెప్టర్ ఉందో లేదో పరీక్ష చేశారా అని కూడా అడగమన్నాను.

ఏప్రిల్ 21

రిపీట్లు రెండూ అయ్యాయి, రెండింట్లోనూ అదే తీరు. రెండోదాంట్లో మచ్చ అంచు అంత స్పష్టంగా లేదు, బహుశా లెన్స్ అర మిల్లీమీటరు జరిగి ఉంటుంది, మళ్లీ బిగించాను.

ఇప్పుడు ఒక పొరను వదిలి కణాలను గుండ్రటి ముద్దలుగా పెంచుతున్నాను, అర మిల్లీమీటరు ముద్ద, అసలైన గడ్డకు కాస్త దగ్గర. మొదటి ముద్దను డార్క్ ఫీల్డ్‌లో, అంటే నల్లటి నేపథ్యం మీద రేణువులు మెరిసి కనిపించే మైక్రోస్కోపులో చూస్తే కడ్డీలు నారింజ చుక్కల్లా మెరుస్తున్నాయి, అన్నీ చుట్టూ అంచునే, ముంజికాయ పెంకులా. లోపల చీకటి. రిసెప్టర్ ఎంత గట్టిగా పట్టుకుంటే కడ్డీ అంత బయటే ఆగిపోతోందేమో. ఫోలిక్ యాసిడ్ సాంద్రత సగానికి తగ్గించిన బ్యాచ్ వాటర్ బాత్‌లో ఉంది, 28 డిగ్రీలు. గురువారం పొద్దున తొమ్మిదింటికి లేజర్ స్లాట్.